సీసపు నాణెం పలికే స్వరం
ఖమ్మం చల్క నేలల నుంచి భద్రాచలం అడవి అంచు దాకా మెటల్ డిటెక్టర్ నాణెం కన్నా ముందు మట్టికే స్పందించవచ్చు: ఆ నేల ఎరుపు ఇనుప ఆక్సైడ్‌దే. అందుకే మొదట గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేయాలి. బల్లపరుపుగా పడిన గుండ్రటి నాణెం మీద కాయిల్‌ను ఎటునుంచి ఊపినా దాదాపు ఒకే స్వరం. తుప్పు మేకుదైతే తరచూ తెగుతుంది, దిక్కు మారిస్తే మారుతుంది. ఇంతవరకు అందరూ నేర్పేదే. శాతవాహనులు సీసంతోనూ నాణేలు వేశారన్నది మాత్రం మరుస్తారు. సీసానికి వాహకత తక్కువ, వెండిలా హెచ్చు స్థాయిలో పలకదు. చెత్తను వడగట్టే డిస్క్రిమినేషన్ పెంచితే ఆ చరిత్ర కూడా చెత్తతోపాటే పోతుంది. స్వరం ఎంత స్పష్టమైనా కాలాన్ని చెప్పదు. నాణెం పడివున్న మట్టిపొరే ఆ కాలానికి సాక్ష్యం, గునపం దిగితే అది చెదిరిపోతుంది. కాబట్టి ఆ తక్కువ స్థాయి స్వరం వినబడ్డచోట ఆగి, పురావస్తు శాఖకు చెప్పడమే సరైన నైపుణ్యం. నేలలో పది రూపాయల విలువకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టమూ చెబుతోంది.