బొమ్మరైలు ప్రక్కన ఎవరి ఊరు?

పుణేలోని జోషీ గారి చిన్నరైళ్ల ప్రదర్శనశాలను చూచివచ్చిన విద్యార్థులకు తామును అట్టి ఊరిని కట్టవలెనను ఉత్సాహము కలుగుట సహజము. అయితే మన బాలురు పెట్టెలలో వచ్చు విదేశీయపు ఇండ్లను కొని అతికించుట నాకు సమ్మతము కాదు. మంచు జారుటకై వాలుగా కట్టిన ఆ కప్పులకు మన స్టేషనుతో పొత్తేమి?

హెచ్.ఓ. కొలత యనగా 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.; ఆ లెక్కను బొమ్మపట్టాల వెడల్పు 19 మి.మీ.కు పైగా ఉండవలెను. అంగడిలో దొరకునవి 16.5 మి.మీ. పట్టాలే. వానిని మార్చుట బాలురకు కష్టము. ఇండ్ల విషయమున ఆ సాకు చెల్లదు. అట్ట, కత్తెర, జిగురు చాలును. 2.1 మీటర్ల తలుపు 24 మి.మీ. అగును. గేటుమాను గదిని, పెంకుటింటిని బడికి వచ్చు దారిలోనే పరిశీలింపవచ్చును.

దీపముల విషయమున నాకు మరింత పట్టుదల గలదు. ఇంటింట తెల్లని ఎల్.ఇ.డి.లు నింపినచో ఊరు పెండ్లిపందిరి యగును; అట్టగోడల గుండ వెలుతురు కారును. గోడల లోపల నల్లరంగు పూసి, కిటికీకి పలుచని కాగితము అంటించి, పసుపువన్నె దీపమొక్కటి యుంచవలెను. 12 వోల్టుల కరెంటుకు వరుసలో 1000 ఓముల రెసిస్టరు లేనిచో దీపము మాడిపోవును. కొన్ని కిటికీలు చీకటిగానే యుండవలెను. నిర్ణేతలు మిరుమిట్లకే బహుమతు లిచ్చుచుండుట అన్యాయము.

స్టేషను పేరుపలకపై అసలు పలకలో నున్న లిపులనే వ్రాయవలెను. అచట తెలుగు లేనిచో, మక్కువకొద్ది చేర్చుటయు తప్పే.