కోయాల్సింది పొట్టనా, తానానా?

షాదీకో, అఖీఖాకో వెళ్లిన మన ఖాతూన్‌కి సలాం తర్వాత వినపడే మాట: "కాన్పై రెండేళ్లయినా పొట్ట తగ్గలేదేటే?" అదే తానా ఇంట్లో సాస్ నోటా, శోహర్ నోటా. రాత్రి ఫోన్ తెరిస్తే టమ్మీ టక్ ప్రకటన. విజయనగరం నుంచి 60, శ్రీకాకుళం నుంచి 110 కిలోమీటర్లు వెళ్తే విశాఖలో సర్జన్లున్నారు. జేవర్ తాకట్టు పెట్టి బస్సెక్కే ముందు హకీకత్ వినండి.

ఎక్స్‌టెండెడ్ టమ్మీ టక్ బరువు తగ్గించే ఇలాజ్ కాదు. మామూలు టమ్మీ టక్ కోత ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. ఇందులో అది నడుము పక్కలు దాటి వీపు వైపు తిరుగుతుంది. వేలాడే చర్మం, కొవ్వు తీసేసి, ఎడంగా జరిగిన పొట్ట కండరాలు బిగించి కుడతారు. ఆ నిషానీ ఉమ్రంతా పోదు.

ఇది ఎవరికి? బాగా బరువు తగ్గి, ఆ బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండి, పక్కల్లోనూ చర్మం వేలాడుతున్నవాళ్లకి. మడతల కింద చెమటకి ఒరిసి పుండ్లు పడేవాళ్లకి. మన ఉక్కపోతలో ఆ తక్లీఫ్ పడేవాళ్లకే తెలుసు. అలాంటి ఆడమనిషిని "షౌక్" అని ఎగతాళి చేసే పెద్దమనుషులారా, ఇలాజ్‌కీ సోకుకీ ఉన్న ఫర్క్ మన ఉలమాలే చెప్పారు. కాస్త అడిగి తెలుసుకోండి.

ఎవరికి వద్దు? ఇంకా పిల్లల్ని కనాలనుకునేవాళ్లకి. షుగర్ అదుపులో లేనివాళ్లకి. సిగరెట్టయినా, మన పల్లెల అడ్డపొగయినా మానలేనివాళ్లకి: పొగ చర్మానికి రక్తం అందనివ్వదు, కోత మానదు. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరితే జాన్‌కే ఖత్రా. తానా భరించలేక వెళ్లేవాళ్లకి అసలే వద్దు. చర్మం తీయించుకున్నా ఆ నోళ్లు ఇంకో ఐబ్ వెతుకుతాయి.

ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు బరువెత్తకూడదు. మొదట్లో నిటారుగా నిలబడటమే కష్టం, రుకూ సజ్దా ఎలాగూ కుదరవు, నమాజ్ కూర్చునే చదవాలి. ఆ రోజుల్లో బిందె ఎవరెత్తుతారు? చంటిబిడ్డని ఎవరెత్తుకుంటారు? తానా కొట్టిన సాస్, నందా, శోహర్ ముందు ఈ సవాల్‌కి జవాబివ్వాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లే. మీ ఔలాద్ కోసం ఒకసారి కోయించుకున్న పొట్టని, మీ నజర్ కోసం మళ్లీ కోయించుకోమనే హక్ మీకెవరిచ్చారు?

బేటీ, నీ తక్లీఫ్ నిజమైతే ఇద్దరు ప్లాస్టిక్ సర్జన్ల మష్వరా తీసుకో, తలెత్తుకుని వెళ్లు. తక్లీఫ్ వాళ్ల నోటిదైతే, ఆ ఇలాజ్ నీ పొట్ట మీద చేయించుకోకు.