కళాశాల ప్రవేశములు: పఠనమందిరముల కర్తవ్యము

ప్రతి సంవత్సరమును మిరపపంట గుంటూరు యార్డుకు చేరి, ప్రత్తిచేలు ఖాళీయై, రైతు చేతికి నాలుగు రూకలు వచ్చువేళకే ఇంటరు పరీక్షాఫలితములును వెలువడును. అటుపిమ్మట రెండు మూడు మాసములలో మన పల్లెలలోని వేలకొలది బాలబాలికల జీవితములు మలుపు తిరుగును. ఏ విద్య నభ్యసింపవలెను, ఏ కళాశాలలో చేరవలెను అను ప్రశ్నలకు ఈ స్వల్పకాలముననే సమాధానము దొరకవలెను. తల్లిదండ్రులలో అనేకులు కళాశాల మెట్టెక్కి యెరుగరు. ఉపాధ్యాయుని పని పరీక్షలతో ముగిసినది. ఇట్లు దారి చూపువారు లేనిచోట దారి చూపెదనని ముందుకు వచ్చుచున్నవాడు కళాశాలల ఏజెంటు.

ఈతడు ఫలితములు రాకమునుపే విద్యార్థి ఇల్లు వెదకుకొని వచ్చును. ఫీజులో తగ్గింపు, ఉచితముగా బస్సు, చదువు ముగియకముందే ఉద్యోగము అని వాగ్దానములు కురిపించును. తుదకు పాస్‌వర్డును, ఫోనునకు వచ్చు ఓటీపీని అడిగి తీసికొని, ఈఏపీసెట్టు కౌన్సెలింగున వెబ్ ఆప్షన్లను తానే నింపిపెట్టును. విత్తనసంచి కొనునపుడు రసీదును, లాటు సంఖ్యను అడుగు రైతు, టిక్కీ తూకమును కన్నార్పక చూచుకొను రైతు, బిడ్డ భవిష్యత్తును మాత్రము ముక్కు మొగము తెలియని వానిచేతిలో పెట్టుచున్నాడు. తప్పు రైతుది కాదు. యార్డులో తూకము కంటికి కనబడును. ఇచ్చటి తూకము కనబడదు.

ఆ తూకమెట్టిదో పాఠకులు తెలిసికొనుట యవసరము. యంత్రము ర్యాంకుల క్రమమున ఒక్కొక్క విద్యార్థిని తీసికొని, అతడు వ్రాసిన జాబితాను పైనుండి క్రిందికి చూచి, అతని ర్యాంకునకును రిజర్వేషనునకును మొట్టమొదట దొరకిన సీటును కేటాయించును. అంతటితో ఆగును. కావున అందునో అందదో యను మంచి కళాశాలను మొదట వ్రాసినందున నష్టమేమియు లేదు. చేర నిష్టములేని కళాశాలను మాత్రము జాబితాలో ఎచ్చటను వ్రాయరాదు. ఏజెంటు తన కళాశాలను మొదటి స్థానమున నిలిపెనా, మంచి ర్యాంకు తెచ్చుకొన్న బాలుడును అచ్చటనే చిక్కుకొనును. క్రిందనున్న మేలైన పేర్లను యంత్రము చూడనే చూడదు. రెండేండ్ల శ్రమ ఒక్క గడియలో వ్యర్థమగుట యిట్లు.

ధనవిషయమును ఇట్టిదే. ఇంజనీరింగు కళాశాలలలో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటావి, 30 యాజమాన్యపు కోటావి. ప్రభుత్వపు ఫీజు సహాయము కన్వీనరు కోటాలో చేరిన అర్హులకే గాని యాజమాన్యపు కోటావారికి లేదు. ఈ భేదము తెలియక తొందరపడి సంతకము చేసినవాడు నాలుగేండ్లు అప్పు మోయవలసివచ్చును. ఇక విద్యార్థి మారదలచినచో అసలు ధ్రువపత్రముల నీయక నిలుపు కళాశాలలును కలవు. అసలు పత్రములను కళాశాలలు తమయొద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోనే శాసించినది. ఈ సంగతి ఎందరు తండ్రులకు తెలియును?

అన్నిటికంటె గొప్ప నష్టము మరియొకటి గలదు. కంప్యూటరు చదువు తప్ప లోకమున వేరొక విద్యయే లేదను భ్రమలో మన పిల్లలు పెరుగుచున్నారు. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల యున్నది. ఆ పట్టణముననే ఆహారశాస్త్ర కళాశాలయును గలదు. మిరప, ప్రత్తి వంగడములను వెలయించిన పరిశోధనాస్థానము గుంటూరు ప్రక్కనే లాంలో నున్నది. పురుగును, తెగులును, ధరను పుట్టినది మొదలు చూచుచున్న మన బిడ్డలకు ఈ విద్యలు పరాయివగుట యెంత విచిత్రము! వ్యవసాయ కళాశాలలలో రైతుబిడ్డలకు ప్రత్యేకించిన సీట్లు గలవు. కాని అందుకు భూమిపత్రమును, పల్లెలో చదివిన పత్రమును చూపవలెను. పొలము కౌలుకు చేయువాని బిడ్డ భూమిపత్రమును ఎచ్చటనుండి తెచ్చును? ఎండలో పంట పండించువానిని రైతుగా గుర్తింపని నిబంధనను ప్రభుత్వము సవరింపవలెనని మా యభిప్రాయము.

పదవతరగతి మార్కులతోనే ఆరేండ్ల చదువున ప్రవేశమిచ్చు రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008 నుండి యున్నది. కేంద్ర విశ్వవిద్యాలయములకు 2022 నుండి జరుగుచున్న ఉమ్మడి ప్రవేశపరీక్షను తెలుగున సైతము వ్రాయవచ్చును. ఆడపిల్లల విషయమున ఈ వార్తలు మరింత ముఖ్యము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరున శారదానికేతనమును నెలకొల్పి స్త్రీవిద్యకు పునాది వేసిరి. నూరేండ్లు గడచిన పిమ్మటను, బాలికకు ఊరికి దగ్గరనున్న కళాశాలయే చాలునను మాట వినబడుచుండుట మనకు గౌరవము కాదు.

ఏమి చేయవలెను? ఈ పని పఠనమందిరములది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినది. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో పుస్తకములు పల్లెలకు పోయినవి. నాడు పుస్తకమును ఇంటిగుమ్మమునకు చేర్చిన దేశమున నేడు ఒక మంచిమాటను చేర్చలేమా?

మేము కోరునది స్వల్పము. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి, దర్శి, ఒంగోలు మొదలగు ఊళ్ల గ్రంథాలయములలో జూను, జూలై మాసములందు సాయంకాలము రెండు గంటలు ఒక బల్ల వేయుడు. విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, న్యాయవాది యొకరు, క్రిందటేడు ప్రవేశము పొందిన విద్యార్థి యొకరు, కంప్యూటరు తెలిసిన యువకు డొకరు అచ్చట కూర్చుండుడు. గడచిన సంవత్సరము ఏ కళాశాలలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చెనో తెలుపు జాబితాను గోడకు అంటింపుడు. కుల, ఆదాయ, స్థానికతా పత్రములకై వేసవి మొదటనే దరఖాస్తు పెట్టింపుడు. నియమములు మూడు: ఎవరివద్దను కాసు తీసికొనరాదు, ఏ కళాశాలనుగూర్చియు సిఫారసు చేయరాదు, పాస్‌వర్డు విద్యార్థిదే, మీట నొక్కు వ్రేలును విద్యార్థిదే.

దీనికి చందాలు అక్కరలేదు, సభలు అక్కరలేదు. చదువుకొన్నవారు దినమునకు రెండు గంటల కాలము దానము చేసిన చాలును. పట్టణములలోని విద్యావంతులలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చినవారే. తాము దాటిన ఏటిని వెనుకవచ్చు పిల్లలచేత దాటించుట వారికి ఋణవిమోచనమే గాని ఉపకారము కాదు. ఈ వేసవిలో మీ యూరి పఠనమందిరమున అట్టి బల్ల యుండునా? కార్యదర్శులును, సభ్యులును ఈ ప్రశ్నకు పనితోనే సమాధానము చెప్పుదురని ఆశించుచున్నాము.