వైన్ తాగే సారుకి సీసా వద్దు, పుస్తకం ఇద్దాం

మన ఊళ్లల్లో "వైన్స్" అని ఇంత పెద్ద బోర్డు ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకే మన కుర్రాళ్లకి వైన్ అంటే ఏదో ఒక మందు, అంతే. తంజోంగ్ పగార్‌లో పని చేస్తే తెలుస్తుంది అది వేరే లోకం అని. దాని మీద మనుషులు క్రికెట్ గురించి మాట్లాడినట్టు గంటలు గంటలు మాట్లాడతారు.

ఈ నెలాఖరుకి మా ప్రాజెక్ట్ మేనేజర్ సారు రిటైర్ అవుతున్నాడు. ఆయనకి వైన్ అంటే ప్రాణం. తలా ఐదు డాలర్లు వేసుకుని మంచి సీసా ఒకటి ఇద్దామని కుర్రాళ్లు గ్రూపులో పెట్టారు. నేను వద్దన్నాను, పుస్తకం ఇద్దామన్నాను. రెండు రోజుల నుంచి అదే గోల. "తాగేవాడికి పుస్తకం ఏందన్నా" అని ఒకడు, "మందు మీద పుస్తకం ఇవ్వడమే తప్పు" అని ఇంకొకడు. వాయిస్ మెసేజుల్లో తేలదని ఇక్కడ రాస్తున్నా. పొడుగ్గా ఉంటది, లారీలో పోయేటప్పుడు చదువుకోండి.

ముందు సీసా సంగతి. సింగపూర్‌లో ఎక్సైజ్ సుంకం లీటరు ఆల్కహాలుకి 88 డాలర్లు. మామూలు వైన్ సీసా 750 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 13 శాతం అనుకోండి. లెక్క కడితే ఒక్కో సీసాకి ఎనిమిదిన్నర డాలర్లు సుంకమే. దాని పైన 9 శాతం జీఎస్టీ. షాపు అద్దె, వాడి లాభం వేరే. ముప్పై డాలర్ల సీసా కొంటే లోపలి ద్రాక్షకి మనం ఇచ్చేది ఎంత? అది మనకి తెలియకపోయినా సారుకి తెలుసు. లేబుల్ చూడగానే ఇది ఏ షెల్ఫులోదో చెప్పేస్తాడు. పైకి నవ్వుతాడు, థాంక్స్ అంటాడు, ఇంటికి పోయాక వంటలో పోస్తారు. అదే ఖరీదైనది కొంటే ఇంకో తంటా. ఇక్కడ లంచం చట్టం గవర్నమెంటు వాళ్లకే కాదు, ప్రైవేటు కంపెనీలకి కూడా వర్తిస్తుంది. మన ఓవర్‌టైమ్ కాగితాల మీద సంతకం పెట్టే మనిషికి కింద వాళ్లు ఖరీదైన సీసా ఇచ్చారంటే ఎవడైనా ఒక మాట అనడానికి సందు ఇచ్చినట్టే. ముప్పై మంది సంతకాలు చేసిన పుస్తకం అందరి ముందు ఇస్తే ఆ మాట రాదు.

ఇంక రెండో వాడి మాట. తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. మాది నెల్లూరు జిల్లా. సారా అంటే ఏందో మా అమ్మని అడగాలి. కానీ ఒకటి గుర్తు పెట్టుకో. మా జిల్లాలో సారా అంగడి మూయించింది కూడా ఒక పుస్తకమే. 1990 తర్వాత అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అని ఉండేది, తాగుడు వల్ల పాడైన ఇంటి కథ. దూబగుంట ఆడవాళ్లు అది చదివి, ఇది మన కథే కదా అనుకుని అంగడి మూయించారు. అక్కడ పుట్టింది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్య నిషేధం. తర్వాత 1997లో ఎత్తేశారు, అది వేరే సంగతి. నేను చెప్పేది, మందు గురించి చదవడం వేరు, మందు పోయడం వేరు. నేను తాగను. నా చేత్తో ఇంకొకరికి సీసా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అలాగని ముప్పై ఏళ్లు పని చేసిన పెద్ద మనిషికి ఇష్టమైనదాన్ని ఛీ అనడం కూడా మర్యాద కాదు. పుస్తకం ఇస్తే రెండూ నిలబడతాయి.

ఏ పుస్తకం? ఆదివారాలు విక్టోరియా స్ట్రీట్ లైబ్రరీకి పోయి కూర్చున్నా. లోపల కూర్చుని చదువుకోవడానికి ఎవరూ డబ్బులు అడగరు, ఏసీ కూడా. నా ఇంగ్లీషు సేఫ్టీ కోర్సుల ఇంగ్లీషు, అయినా బొమ్మలు, మ్యాపులు ఉన్నవి బాగానే అర్థమైనాయి.

నాకు బాగా నచ్చింది "వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్". హ్యూ జాన్సన్ అనే ఆయన 1971లో మొదలుపెట్టాడు, తర్వాత జాన్సిస్ రాబిన్సన్ అనే ఆమె కలిసింది, 2019లో ఎనిమిదో ఎడిషన్ వచ్చింది. డ్రాయింగులు చూసే అలవాటు ఉన్న మనకి ఇది పండగే. కాంటూరు గీతలు, వాలు ఎటు వైపు, ఎండ ఎటు నుంచి పడుతుంది, కింద నేల ఏంది, అన్నీ ఉంటాయి. బోర్డో దగ్గర మెడాక్ అనే చోట గులకరాళ్లు, షాంపేన్‌లో సుద్దరాయి, జర్మనీ మోజెల్ నది ఒడ్డున పలకరాయి. మనం పునాదికి సాయిల్ రిపోర్ట్ చూసినట్టు వాళ్లు తీగకి చూస్తారు. తమాషా ఏందంటే, బలమైన నల్లరేగడి లాంటి నేల వైన్ ద్రాక్షకి అంత మంచిది కాదంట. ఆకు ఎక్కువ, కాయలో రుచి తక్కువ. నీళ్లు నిలవని పేద నేలే కావాలి. మోజెల్ దగ్గర బ్రెమ్ అనే ఊళ్లో ఒక కొండ వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది, ఆ కొండ మీద చేత్తోనే కాయ కోస్తారు. మన సైట్‌లో అయితే హార్నెస్ లేకుండా ఆ వాలు దగ్గరికి కూడా పోనివ్వం.

సారు దగ్గర అట్లాస్ ముందే ఉండొచ్చు. అందుకే రెండోది చెప్తున్నా, అసలు నా ఓటు దీనికే. "జడ్జ్‌మెంట్ ఆఫ్ ప్యారిస్", జార్జ్ టేబర్ రాసింది, 2005లో వచ్చింది. 1976 మే 24న ప్యారిస్‌లో ఒక పోటీ పెట్టారు. పేర్లు కనపడకుండా ఫ్రాన్స్ వైన్లు, కాలిఫోర్నియా వైన్లు పోయించి, తొమ్మిది మంది ఫ్రెంచి పెద్దల చేత మార్కులు వేయించారు. తెల్ల వైన్‌లోనూ, ఎర్ర వైన్‌లోనూ కాలిఫోర్నియా వాళ్లే గెలిచారు. అక్కడ ఉన్న ఒకే ఒక్క విలేఖరి టేబర్. గెలిచిన తెల్ల వైన్ షాటో మోంటెలీనా 1973. తయారు చేసింది మైక్ గర్గిచ్. ఈయన యుగోస్లావియాలో పుట్టి, 1954లో దేశం వదిలి, నాలుగేళ్లకి కాలిఫోర్నియా చేరి, వేరే వాళ్ల సెల్లార్లలో పని చేసిన మనిషి. కంపెనీ తనది కాదు, చెయ్యి మాత్రం తనది. అబ్బయ్యా, మనం సారుకి ఇవ్వాల్సిన పుస్తకం ఇది కాక ఏది? మన ముప్పై మంది పేర్ల కింద ఇలాంటి మనిషి కథ ఉంటే మనం ఎవరమో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు.

ఇంకోటి "బిలియనేర్స్ వినెగర్" అని ఉంది. 1785 తర్వాత కాలపు సీసా, అమెరికా ప్రెసిడెంట్ జెఫర్సన్‌దని చెప్పి 1985లో లండన్ వేలంలో లక్షా అయిదు వేల పౌండ్లకి అమ్మారు, ఆ సీసా నిజమేనా అని తర్వాత లేచిన రచ్చ కథ. చదవడానికి భలే ఉంటుంది. కానీ పెద్ద పెద్ద సీసాలు కొని గొప్పలు చెప్పుకునే ఓనర్లకి మాత్రం ఇవ్వకండి, తిట్టినట్టు ఉంటుంది. నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టిన వాళ్లకి బొమ్మలతో ఉండే "వైన్ ఫాలీ" సరిపోతుంది. మార్కుల పుస్తకాలు, ధరల పుస్తకాలు వద్దు, రెండేళ్లకి పాత పేపర్ అయిపోతాయి.

డబ్బులు సరిపోకపోతే బ్రాస్ బసా కాంప్లెక్స్‌లో సెకండ్ హ్యాండ్ షాపులు ఉన్నాయి. కొత్తవి కావాలంటే టకాషిమాయాలో కినోకునియా.

మధ్యలో ఒక మాట. మన సైట్ పక్క డక్స్‌టన్ హిల్ మీద సాయంత్రం అయితే బయట కుర్చీలు వేసి వైన్ పోస్తారు. కిందికి దిగితే నీల్ రోడ్డు మూల మీద 1903లో కట్టిన రిక్షా స్టేషన్ భవనం ఉంది. ఆ రోజుల్లో ఈ వీధుల్లో ఉన్నది రిక్షా లాగే చైనా కూలీలు. వాళ్ల ఇళ్లే ఇప్పుడు బార్లు. లిటిల్ ఇండియాలో 2013 డిసెంబర్ 8 గొడవ తర్వాత 2015లో చట్టం వచ్చింది, శనివారం పొద్దున ఏడు నుంచి సోమవారం పొద్దున ఏడు దాకా అక్కడ బయట తాగితే నేరం. లైసెన్సు ఉన్న కుర్చీలో కూర్చుంటే ఫర్వాలేదు. మన సెలవు రోజు కూడా ఆదివారమే. తాగమని చెప్పట్లేదు నేను. కానీ ఒకే ద్రాక్షరసం ఒక చోట సంస్కారం, ఇంకో చోట పోలీసు కేసు అవుతుంటే, కాయ కోసేవాళ్ల గురించి, సెల్లార్‌లో పీపాలు దొర్లించేవాళ్ల గురించి రాసిన పుస్తకం ఆ కుర్చీల్లో కూర్చునే మనిషి చేతికి పోవాలని నా కోరిక.

సంతకాలు ముందు పేజీలో తెలుగులోనే చెయ్యండి. తమిళ తమ్ముళ్లు తమిళంలో, బంగ్లా భాయ్‌లు బెంగాలీలో. కింద చిన్నగా ఇంగ్లీషులో పేరు, పని రాయండి, స్టీల్ ఫిక్సర్, కార్పెంటర్ అని. ధర చీటీ పీకేయండి, బిల్లు మాత్రం నాకు ఇవ్వండి. శుక్రవారం లోపల ఎవరెవరు ఐదు డాలర్లు వేస్తారో కింద కామెంట్‌లో చెప్పండి, కొత్తగా వచ్చిన నలుగురి దగ్గర తీసుకోవద్దు, వాళ్లు ఇంకా ఏజెంటు అప్పులోనే ఉన్నారు. వాళ్లు సంతకం మాత్రం చేస్తారు.