కుటుంబ పెద్దకు 1,500, పిల్లకు 500

యుద్ధం గురించి ఏ నివేదిక తీసినా ‘స్త్రీలూ, పిల్లలూ’ అన్న జంటపదం కనిపిస్తుంది. రెండు వేరువేరు గొంతుల్ని ఒకే సంచిలో కుక్కి మూతి కట్టేసే మాట అది. తల్లికి కాస్త జాలయినా దొరుకుతుంది. పిల్లకు అదీ తల్లి వాటాలోంచే. తన కుటుంబం ఆ పిల్లకు ఎట్లా కనబడుతోందని అడిగేవాళ్లు లేరు.

శ్రీలంక తమిళ శరణార్థులనే తీసుకుందాం. 1983 జూలై మారణకాండ తర్వాత సముద్రం దాటి వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ ఈనాటికీ తమిళనాడు క్యాంపుల్లోనే ఉన్నారు. యుద్ధం 2009 మేలో ముగిసింది, క్యాంపు ముగియలేదు. 2021లో వీటికి ‘పునరావాస శిబిరాలు’ అని పేరు మార్చారు. కొత్త ఇళ్లు ప్రకటించారు, నెలవారీ భృతి పెంచారు, కాదనను. కానీ ఆ భృతి లెక్క చూడండి: కుటుంబ పెద్దకు 1,500 రూపాయలు, మిగతా పెద్దవాళ్లకు 1,000, పిల్లలకు 500. భర్త పెద్దగా నమోదైన ఇంట్లో అతని ఆకలి భార్య ఆకలికి ఒకటిన్నర రెట్లు ఎట్లా అయింది? ఇది సాయమా, పితృస్వామ్యానికి రాజ్యం ఇచ్చే జీతమా?

ఇక పిల్లవైపు నుంచి చూద్దాం. రిజిస్టర్లో పెద్ద అయిన నాన్న హాజరు రోజున అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత క్యాంపుల మీద నిఘా బిగిసింది. ఆ హత్యనాటికి పుట్టని పిల్లలు కూడా ఆ అనుమానం నీడలోనే పెరిగారు. బయట పోయిన పెద్దరికాన్ని నాన్న ఇంట్లో అమ్మ మీద వెతుక్కుంటే, చూడకుండా తప్పుకోవడానికి ఒంటి గది ఇంట్లో పిల్లకు చోటేదీ? నిర్వాసితుడైన మగవాడు కుంగిపోతాడని మా సమాజశాస్త్రం ఎంతో సానుభూతితో రాస్తుంది. ఆ కుంగుబాటు ఎవరి వీపు మీద దిగుతుందో పిల్లకు తెలుసు.

అన్నిటికన్నా ఘోరం పౌరసత్వం. 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు నుంచి ఆ నిబంధననూ ఇంకా బిగించారు. మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒక స్త్రీకి పాస్‌పోర్టు ఇమ్మని 2022లో మద్రాసు హైకోర్టు చెప్పాల్సివచ్చింది. అదే క్యాంపులో 1988లో పుట్టిన తమ్ముడికి ఆ హక్కు కూడా లేదు. కుటుంబ ఐక్యత మీద ఉపన్యాసాలిచ్చే రాజ్యం ఒకే తల్లి బిడ్డల మధ్య ఒక తేదీతో గీత గీసింది. (బ్రిటిష్ కాలంలో సిలోన్ తోటలకు కూలీలను పంపేముందు నిలిపి ఉంచింది కూడా ఈ మండపంలోనే.) 2019 సవరణ చట్టం మూడు పొరుగు దేశాల పేర్లు చెప్పింది. అందులో శ్రీలంక లేదు.

జాతీయత పొందడం బిడ్డ హక్కని, తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ మాట వినాలని బాలల హక్కుల ఒడంబడిక చెబుతోంది. దానికి మన ప్రభుత్వం 1992లోనే ఒప్పుకుంది. మరి ‘లంకకు తిరిగి పంపడం’ గురించి మాట్లాడేవాళ్లు ఎవరిని అడిగి మాట్లాడుతున్నారు? మండపం తప్ప మరో ఊరు ఎరగని పదిహేనేళ్ల పిల్లకు ‘తిరిగి’ అంటే ఎక్కడికి?