పామును పాము అందాం

ఈ ఉగాదికి మా తెలుగు సంఘం సభలో ఒక పెద్దాయన మాట్లాడుతూ, "పిల్లలకు తెలుగు చదవడం రాకపోతేనేం? మన నమ్మకాలు, మన ఆచారాలు నిలుపుకున్నాం. అది చాలు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఆ రోజు లేచి జవాబు చెప్పే ధైర్యం చాలలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

1990ల్లో బెంగుళూరులోనూ, మా కోలారు సీమలోనూ ఒక దయ్యం కథ పాకింది. రాత్రివేళ ఒక ఆడదయ్యం మనకు తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీసినవాడు చస్తాడనీ. దానికి విరుగుడు, తలుపు మీద "రేపు రా" అని రాయడం. దయ్యం వచ్చి, చదువుకుని, వెళ్లిపోతుందట. మరునాడు మళ్లీ వచ్చి మళ్లీ చదువుకుంటుందట! ఆంధ్ర దేశంలో "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు. ఇక్కడ "నాళె బా" అని కన్నడంలో రాశారు. మా వీధిలో అన్నీ తెలుగిళ్లే. అయినా తలుపుల మీద ఒక్క తెలుగక్షరం లేదు, రాయగలిగినవాళ్లు లేరు కనుక. దయ్యానికి మాత్రం చదువు వచ్చునని అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడు నవ్వుకున్నాను. తరవాత జరిగింది తలచుకుంటే ఇప్పుడు నవ్వు రాదు.

మా పక్క చీకటి పడితే పాము పేరెత్తరు. పేరెత్తితే పిలిచినట్టేనట. "పురుగు" అంటారు. పాము కరిస్తే "పురుగు ముట్టింది" అంటారు. పల్లెల్లో కన్నడిగులకూ ఇదే అలవాటు, వాళ్లు "హుళ" అంటారు. కొన్నేళ్ల క్రితం మా మేనత్త మనవడు, పన్నెండేళ్లవాడు, నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. నడిరేయి చేయి చిమచిమలాడిందని లేచాడు. మా అత్త లైటు వేసేసరికి గోడవార నల్లటిదేదో జారిపోయింది. ఆమెకు అర్థమైంది. వాణ్ణి మోటారు సైకిలు మీద పక్క ఊరి మంత్రగాడి దగ్గరకు పిలుచుకుపోయారు. వేపమండలు, మంత్రం, మంత్రించిన దారం. తెల్లవారుజామున వాడు కళ్లు వాలిపోతున్నాయంటే, "విషం దిగుతా ఉంది, నిద్రపోనీండి" అన్నాడట ఆ మహానుభావుడు.

వాంతులు మొదలయ్యాక ఆసుపత్రికి తెచ్చారు. అక్కడ మా అత్త కన్నడంలో "హుళ ముట్టిదె" అంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పట్నంలో పెరిగిన మనిషి, పురుగంటే పురుగే అనుకుంది. చేతికి వాపు లేదు, గాటు కనపడదు. దద్దుర్లకు వేసే సూది వేసి బెంచీ మీద కూర్చోబెట్టింది. కబురంది నేను వెళ్లేసరికి వాడి మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఏం చూసినావత్తా? పేరు చెప్పు."

"వద్దప్పా, ఆ పేరు ఎత్తగూడదు."

పొద్దెక్కింది. ఎదురుగా డాక్టరు ఉంది. ఒళ్లో మనవడు పోతున్నాడు. అయినా ఆ మాట ఆమె నోట రాలేదు. నేను అరిచి చెప్పాక విరుగుడు మందు ఎక్కించారు. తరవాత పెద్దాసుపత్రిలో రెండు రోజులు గొట్టం పెట్టి ఊపిరి ఆడించారు. వాడు బతికాడు. ఇంటికి రాగానే టెంకాయ, బట్టలు, వెయ్యి రూపాయలు ఎవరికి పంపారనుకున్నారు? మంత్రగాడికి.

అది కట్లపాము. దాని కాటు పెద్దగా నొప్పి పుట్టదు, గాటు సరిగా కనపడదు. మొదట రెప్పలు వాలతాయి, తరవాత మింగుడు పడదు, చివరకు ఊపిరాడదు. మంత్రగాడు నిద్ర అన్నది ఆ విషాన్నే.

"మరి అతని దగ్గర ఎందరో బతికారే?" అంటారు. బతుకుతారు. మన చుట్టూ తిరిగే పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్నది కూడా ఒక్కోసారి విషం దింపకుండా కాటేస్తుంది. అలా కాటు పడ్డవాడు మంత్రగాడి ముందు కూర్చున్నా, మర్రిచెట్టు కింద కూర్చున్నా బతుకుతాడు. బతికినవాళ్లంతా మంత్రం ఖాతాలోకి, పోయినవాళ్లంతా విధి ఖాతాలోకి. ఇలాంటి లెక్క రాసే గుమాస్తాను ఏ షావుకారైనా ఒక్క పూట ఉంచుకుంటాడా?

అసలు లెక్క వేరే ఉంది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయినవారు సుమారు 12 లక్షలు, సగటున ఏడాదికి 58,000 మంది. ఎక్కువ మంది పల్లెల్లో, ఇంటి దగ్గరే పోయారు. ప్రతి పాముకాటునూ ఆసుపత్రులు ప్రభుత్వానికి తెలపాలని కర్ణాటక 2024లో ఆదేశించింది. మనం "పురుగు" అంటూ ఉంటే ఆ లెక్కలో చేరేదెలా?

నమ్మకాలను తప్పుపడితే పెద్దల తెలివిని అవమానించినట్టేనని కొందరికి కోపం. గడ్డివామిలో చేయి పెట్టేముందు కర్రతో తట్టమని నాకు నేర్పింది ఆ అత్తే. అది పెద్దల తెలివి, చూసి తెలుసుకున్నది. దాన్ని నెత్తిన పెట్టుకుంటాను. చెన్నై దగ్గర ఇరుళులు 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల్ని పట్టి విషం తీసి ఇస్తున్నారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడుతోనే మందు తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ ఆ ఒక్క మందే. తాతల నాటి విద్య ప్రాణం నిలిపే దారి అది. పాము పేరెత్తడానికి జడిసేవాడు ఆ పని చేయగలడా?

హేతువాదం మనది కాదు, పరాయిది అనేవాళ్లూ ఉన్నారు. మా పక్క గౌరిబిదనూరు తాలూకాలో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు ఖద్దరు కట్టి, కళాశాల హాస్టలు గదిలో బ్రహ్మచారిగా బతికిన గాంధేయవాది. బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉంటూ 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరీక్షించే సంఘం వేశారు. మహారాష్ట్రలో ఇదే పని చేసిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. ఆయన అడిగిన చట్టం ఆ ఏడాదే వచ్చింది. పాముకాటు పడ్డవాణ్ణి వైద్యానికి పోనివ్వకుండా ఆపి మంత్రాలు వేయడం అక్కడ ఇప్పుడు నేరం. షోలాపూరు తెలుగువాళ్లు ఈ సంగతి ఎరిగే ఉంటారు. కానీ చట్టం మంత్రగాణ్ణి పట్టుకుంటుంది గానీ మా అత్త నాలుకను పట్టిన భయాన్ని పట్టుకోలేదు. అది మన పని.

పెద్దాయనా, మీరు నిలుపుకున్నామన్నది దీన్నేనా? అక్షరం పోయింది, సామెత పోయింది, పద్యం పోయింది. "పాము" అన్న మాటను కూడా భయానికి అప్పగించాం. ఉన్న మాటను నోట పలకలేనివాళ్లం భాషను నిలుపుతామా?

కాటు పడితే కోయకండి, నోటితో పీల్చకండి, బిగించి కట్టకండి. కాటు పడిన చేతినో కాలినో కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. పాము అని చెప్పండి, పగలైనా రాత్రయినా. వచ్చే ఉగాదికి పిల్లల చేత ఈ నాలుగు మాటలూ తెలుగులో రాయించి ఇంటి తలుపు మీద అతికిద్దాం. "నాళె బా" రాసిన చోటనే.