గొంతు మారింది.. గుక్క మారొద్దూ?

పాత బైకు కొన్న కుర్రాడు మొదట చేసే పనేంటి? సైలెన్సర్ మార్చడం. వీధి చివరిదాకా వినపడాలి మరి! ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా పోయి, దాని చోట కోను ఆకారపు ఫిల్టర్ వచ్చి చేరుతుంది. బండి బాగా ఊపిరి పీల్చి రయ్యిన దూసుకెళ్తుందని ఆశ. తీరా చూస్తే పెరిగింది శబ్దమే. పికప్ పోయింది. ఎక్సలేటర్ గట్టిగా తిప్పితే ఇంజిన్ ఊపిరాగినట్టు తడబడుతుంది. వదిలితే సైలెన్సర్లోంచి టప్ టప్‌మని పేలుళ్లు. 'ఇంజిన్ పనైపోయింది, బోరు చేయించాల్సిందే' అంటారెవరో. ఆ ఖర్చుకు తలూపే ముందు ఒకసారి కార్బొరేటర్ సంగతి చూడాలి.

పీల్పులోనే ఉంది కిటుకు

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్క చూసుకోవడానికి కార్బొరేటర్‌లో కంప్యూటరేమీ ఉండదు. ఇరుకు గొట్టంలోంచి గాలి వేగంగా వెళ్లేటప్పుడు అక్కడ పీడనం పడిపోతుంది. ఆ పీల్పుకి కింది గిన్నెలోని పెట్రోలు 'జెట్' అనే సన్నటి రంధ్రంలోంచి పైకి లేచి గాలిలో కలుస్తుంది. అంతే!

కంపెనీ ఆ రంధ్రాన్ని తను బిగించిన ఫిల్టర్‌కీ సైలెన్సర్‌కీ సరిపోయేలా కొలిచి పెడుతుంది. వాటిని మార్చేస్తే గాలికి అడ్డు తగ్గుతుంది, జెట్ దగ్గర పీల్పు సడలుతుంది. గాలికి తగ్గ పెట్రోలు రాదు. మెకానిక్కులు దీన్నే 'లీన్' అంటారు. 'మైలేజీ పెరిగిందోచ్' అని సంబరపడేవాళ్లూ ఉంటారు. కానీ లోపల ఇంజిన్ మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతుంటుంది. అలాగే హైవే మీద పరుగులు తీయిస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోవచ్చు, పిస్టన్ పట్టేయొచ్చు. ఇసుక దిబ్బలెక్కే ఏటీవీ అయినా, మన వీధిలో తిరిగే పాత బుల్లెట్టయినా కార్బొరేటర్ ఉన్నంతవరకూ తీరు ఒకటే.

మూడు మెట్లు

ముందుగా సైలెన్సర్ అతుకు దగ్గర, కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు దగ్గర లీకులున్నాయేమో చూడాలి. పగిలిన రబ్బరుకీ అవే లక్షణాలు. లీకులేమీ లేకపోతే ట్యూనింగ్‌కి దిగొచ్చు.

ఎక్సలేటర్ ముప్పావు నుంచి పూర్తిగా తిప్పినప్పుడు పని చేసేది మెయిన్ జెట్. ఇంజిన్‌కి అసలు ముప్పు ఇక్కడే కాబట్టి మొదలూ ఇక్కడే పెట్టాలి. జెట్ మీది నంబరు పెరిగితే రంధ్రం పెద్దదైనట్టు. మికుని నంబర్లనీ కీహిన్ నంబర్లనీ మాత్రం ఒకదానితో ఒకటి పోల్చకూడదు. మొదట కాస్త పెద్దది బిగించి, ఒక్కో నంబరే తగ్గించుకుంటూ రావడం క్షేమం. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ వచ్చి బండి మిస్సింగ్ కొడుతుంది. తక్కువైతే ఇంజినే పోతుంది!

పావు నుంచి ముప్పావు వరకూ నీడిల్‌ది పెత్తనం. దాని క్లిప్పుని ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గాళ్లు లేని నీడిల్ అయితే సన్నటి వాషర్ వేస్తారు. ఇక ఐడ్లింగ్ నుంచి పావు వరకూ స్లో జెట్, దాని స్క్రూ చూసుకుంటాయి. ఇంజిన్ బాగా వేడెక్కాకే స్క్రూ జోలికెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం.. ఒకసారి ఒక్కటే మార్చాలి. మూడూ కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్లగ్గు చెప్పే గుట్టు

బండి తడబడుతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగి చూడండి. సర్దుకుందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఇంకా తిక్కగా చేస్తే ఎక్కువైనట్టు. కొత్త ప్లగ్గు వేసి కొంతదూరం తిరిగొచ్చాక విప్పి చూస్తే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. కొన సుద్దలా తెల్లగా ఉంటే లీన్. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ. లేత బిస్కెట్ రంగులో ఉంటే నిశ్చింత.

ముందే లెక్కేసుకోండి

ఇంత చేసినా మామూలు బండికి పెరిగే బలం కొద్దిగానే. డబ్బా లేని ఫిల్టర్‌కి మన రోడ్ల దుమ్మూ వాననీళ్లూ అదనపు బెడద. పైగా చట్టం ఊరుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, బండిలో చేయకూడని మార్పు చేస్తే ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ హద్దు మీరితే జరిమానా 10 వేల దాకా వెళ్తుంది, లైసెన్సు 3 నెలలు పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు రావడంతో కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వాటికి ఈ జెట్ల గొడవే లేదు.

కాబట్టి తీసేసిన సైలెన్సర్ని, ఫిల్టర్ డబ్బాని తుక్కుకి వేసేయకండి. మనసు మారి మళ్లీ బిగించే రోజు రావచ్చు. అప్పుడు పాత జెట్‌ని కూడా వేయించడం మర్చిపోవద్దు. లేకపోతే ఈసారి బండి పెట్రోలు తెగ తాగేసి, నల్లపొగ వదులుతుంది!